ర్యామ్ ఓవర్‌క్లాక్ చేస్తే దెబ్బ ప్రాసెసర్‌కి ఎందుకు తగులుతుంది

ర్యామ్‌ని ఓవర్‌క్లాక్ చేస్తే, అంటే కంపెనీ ఒప్పుకున్న స్పీడ్ కంటే పైకి నడిపితే, పోతే ర్యామ్ పోవాలి గానీ మధ్యలో ప్రాసెసర్‌కి ఏమవుతుందిలే అని చాలామంది అనుకుంటారు. చూడ్డానికి అలానే ఉంటుంది మరి, స్టిక్కులు వాటి స్లాట్లలో అవి, ప్రాసెసర్ దాని సాకెట్‌లో అది, మధ్యలో నాలుగు వేళ్ల దూరం. కానీ ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ ఇప్పుడు ప్రాసెసర్ లోపలే ఉంటుంది. ఒకప్పుడు అది నార్త్‌బ్రిడ్జ్ అనే వేరే చిప్‌లో ఉండేది, ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో దాన్ని ప్రాసెసర్‌లోకి లాక్కుంది, ఇంటెల్ 2008లో నెహలెమ్ కోర్ ఐ7తో అదే పని చేసింది. అప్పట్నుంచి ర్యామ్ ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌లో ఒక మూలని ఓవర్‌క్లాక్ చేయడమే, కోర్ స్పీడ్ అస్సలు ముట్టుకోకపోయినా సరే.

ఈ మార్పు ఎంత తేడా తెచ్చిందో నెహలెమ్ వచ్చిన కొత్తలోనే జనాలకి తెలిసొచ్చింది. అంతకుముందు డీడీఆర్3 స్పీడ్ కిట్లు 1.8, 1.9 వోల్టుల మీద కూడా హాయిగా నడిచేవి, ఎందుకంటే ఆ వోల్టేజ్ భారం నార్త్‌బ్రిడ్జ్ మోసేది. కొత్త కోర్ ఐ7 వచ్చేసరికి ర్యామ్ వోల్టేజ్ 1.65 దాటొద్దు, దాటితే ప్రాసెసర్ దెబ్బతినొచ్చు అని ఇంటెల్ హెచ్చరించాల్సి వచ్చింది. ర్యామ్ అదే, స్లాట్ అదే, కానీ తీగకి అటు చివర ఉన్న చిప్ మారిపోయింది. ఇది ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే మిగతా కథంతా దానంతటదే అర్థమవుతుంది.

ఇంకో విషయం, ర్యామ్ కంపెనీ స్టిక్‌లో ముందే రాసిపెట్టే స్పీడ్ ప్రొఫైల్స్ ఉంటాయి, వాటి పేర్లు ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో, వాటిని ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకింగే. ర్యామ్ డబ్బా మీద 6000 అని రాసి ఉంటే ఆ మాట ఇచ్చింది ర్యామ్ కంపెనీ, ప్రాసెసర్ కంపెనీ కాదు. రైజెన్ 7000కి ఏఎండీ అఫీషియల్‌గా ఒప్పుకున్న స్పీడ్ రెండు స్టిక్కులతో 5200 మాత్రమే, అదే నాలుగు స్టిక్కులు పెడితే 3600కి దిగిపోతుంది. ఇంటెల్ 13, 14 తరాల్లో పెద్ద చిప్స్‌కి 5600. దానికి పైన ఏది నడిచినా అది చిప్ అదృష్టం, వారంటీ కాగితంలో రెండు కంపెనీలూ ఈ విషయం రాసే పెట్టుకున్నాయి, ఎవరూ చదవరు అంతే.

అసలు ప్రమాదం ఎక్కడుందో ఇప్పుడు చూద్దాం. ఫ్రీక్వెన్సీ పెరగడం వల్ల ప్రాసెసర్ కాలిపోదు. మెమరీ కంట్రోలర్ ఆ స్పీడ్ తట్టుకోలేకపోతే సిస్టమ్ బూట్ అవ్వదు, లేదా ఎర్రర్లు వస్తాయి, లేదా బ్లూ స్క్రీన్ పడుతుంది, అక్కడితో సరి. టైమింగ్స్, అంటే ర్యామ్ ఒక్కో పనికి ఎన్ని క్లాకులు ఆగాలో చెప్పే నంబర్లు, మరీ బిగించినా అంతే. చిప్‌ని నిజంగా తినేది వోల్టేజ్, దాని వెనకాలే వచ్చే వేడి. వోల్టేజ్ ఎక్కువైతే ట్రాన్సిస్టర్‌లోని సన్నటి ఇన్సులేషన్ పొర మెల్లమెల్లగా పాడవుతుంది, లోపలి లోహపు తీగల్లో పరమాణువులు కరెంట్ తోపుకి పక్కకి జరుగుతుంటాయి, ఇదంతా ఒక్క రోజులో కనపడదు. ఆరు నెలలు బాగా నడిచిన సెట్టింగ్ ఏడో నెలలో ఎర్రర్లు ఇవ్వడం మొదలుపెడితే, దాన్ని ఆపడానికి ఇంకాస్త వోల్టేజ్ పెంచితే, అరుగుదల ఇంకా స్పీడవుతుంది.

మరి ఏ వోల్టేజ్? ర్యామ్ స్టిక్ వోల్టేజ్ గురించి అందరూ భయపడతారు, డీడీఆర్4కి స్టాండర్డ్ 1.2, ఎక్స్‌ఎంపీ పెడితే 1.35, డీడీఆర్5కి స్టాండర్డ్ 1.1, ప్రొఫైల్ పెడితే 1.25 నుంచి 1.4 దాకా. ఇది కిట్ మీద రాసి ఉంటుంది, అందరికీ కనపడుతుంది. కనపడకుండా పెరిగేది ప్రాసెసర్ వైపు వోల్టేజ్. ఏఎండీలో దాని పేరు ఎస్ఓసీ వోల్టేజ్, ఇంటెల్‌లో సిస్టమ్ ఏజెంట్ వోల్టేజ్, పాత డీడీఆర్4 ఇంటెల్ బోర్డుల్లో దానికి తోడు వీసీసీఐఓ అని ఇంకోటి. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసినప్పుడు స్టిక్ వోల్టేజ్ మనకి కనపడేలా మారుతుంది, ఇవి మాత్రం ఆటోలో ఉండి మదర్‌బోర్డు తనకి తోచినంత పెంచేస్తుంది.

మదర్‌బోర్డు కంపెనీకి కావాల్సింది ఒక్కటే, కొన్నవాడు ప్రొఫైల్ ఆన్ చేయగానే మెషిన్ బూట్ అవ్వాలి, అవ్వకపోతే బోర్డు బాలేదంటారు. అందుకని వంద చిప్స్‌లో బాగా మొండి చిప్ కూడా లేచేంత వోల్టేజ్ అందరికీ కలిపి పెట్టేస్తారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, అరిగేది బోర్డు కాదు కదా. 8 నుంచి 10 తరాల ఇంటెల్ చిప్స్‌లో 3600 ర్యామ్ పెట్టి ఆటోలో వదిలేస్తే సిస్టమ్ ఏజెంట్ 1.35 దాటి చూపించిన బోర్డులు బోలెడు, అదే చిప్ చేత్తో 1.15 పెట్టినా హాయిగా నడిచేది.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ 2023 ఏప్రిల్‌లో జరిగింది. రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్స్, ముఖ్యంగా 7800ఎక్స్3డీ, కొన్ని సాకెట్‌లోనే ఉబ్బి కాలిపోయాయి, అడుగున కాంటాక్టుల దగ్గర నల్లటి మచ్చ, సాకెట్‌లో సరిగ్గా అదే చోట కరిగిన ప్లాస్టిక్, ఆ ఫోటోలు ఎక్కడ చూసినా అవే. వాళ్లలో చాలామంది పెద్దగా ఏం చేయలేదు, ఎక్స్‌పో ఆన్ చేశారు అంతే. కొన్ని బోర్డులు ఎస్ఓసీ వోల్టేజ్‌ని 1.35కి, ఇంకా పైకి తీసుకెళ్లాయి. తర్వాత ఏఎండీ బయోస్ (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇప్పించి ఏఎం5 బోర్డుల్లో, అంటే రైజెన్ 7000 సాకెట్ ఉన్న బోర్డుల్లో, ఎస్ఓసీ వోల్టేజ్ 1.3 దాటకుండా కట్టేసింది. అంటే 1.3 అనేది టార్గెట్ కాదు, గోడ. గోడకి ఆనుకుని ఏళ్ల తరబడి నడపాల్సిన అవసరం లేదు, డీడీఆర్5 6000కి చాలా చిప్స్ 1.15 నుంచి 1.25 మధ్యలోనే స్టేబుల్‌గా ఉంటాయి. పాత ఏఎం4లో అయితే 1.1 చుట్టుపక్కల సరిపోతుంది, 1.2 దాటించడంలో అర్థం లేదు, పైగా అక్కడ ఎస్ఓసీ మరీ ఎక్కువైతే స్టెబిలిటీ తగ్గడం కూడా మామూలే.

కాబట్టి సేఫ్‌గా చేయాలంటే మొదలుపెట్టాల్సింది ఫ్రీక్వెన్సీ దగ్గర కాదు, ఆటో అని ఉన్న ఈ రెండు మూడు వోల్టేజ్‌ల దగ్గర. ఒక ఏఎం5 మెషిన్‌లో ఇది ఎలా నడుస్తుందో చూడండి. మొదట బయోస్ అప్‌డేట్, ఎందుకంటే ఆ 1.3 గోడ పాత బయోస్‌లో ఉండదు. తర్వాత ఏదీ మార్చకుండా విండోస్‌లోకి వెళ్లి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే రీడింగులు చూపించే ప్రోగ్రామ్‌లో ఎస్ఓసీ వోల్టేజ్ ఎంతుందో రాసిపెట్టుకోవాలి, మామూలుగా 1.1 లోపే ఉంటుంది. ఇప్పుడు ఎక్స్‌పో ఆన్ చేసి సేవ్ కొట్టకముందే ఎస్ఓసీ వోల్టేజ్‌ని ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చి 1.2 పెట్టాలి, అప్పుడు సేవ్. మెషిన్ లేచాక మళ్లీ అదే రీడింగ్ చూడాలి, బయోస్‌లో 1.2 అని పెట్టినా లోపల 1.22 చూపించొచ్చు, మనం లెక్కలోకి తీసుకోవాల్సింది మనం టైప్ చేసిన నంబర్ కాదు, ఆ కొలిచిన నంబర్. అది స్టేబుల్‌గా ఉంటే 1.18, 1.15 అని దించుతూ ఎక్కడ ఎర్రర్ మొదలవుతుందో పట్టుకుని దానికి రెండు మెట్లు పైన ఆగిపోవడం. అందరూ పైకి ఎక్కడం నేర్పుతారు, ప్రాసెసర్ బతికేది మాత్రం ఇలా కిందకి దిగినప్పుడే.

స్టిక్ వోల్టేజ్ విషయంలో కూడా ఒక మెలిక ఉంది. డీడీఆర్5 నుంచి స్టిక్ మీదే చిన్న పవర్ చిప్ వచ్చింది, 5 వోల్టులు తీసుకుని తనే దించుకుంటుంది, కాబట్టి స్టిక్‌కి వెళ్లే వోల్టేజ్ ప్రాసెసర్‌కి సంబంధం లేదనిపిస్తుంది. కానీ ఆ తీగలకి ఇటు చివర ప్రాసెసర్‌లో కూడా ఒక ఐఓ వోల్టేజ్ ఉంటుంది, ఆటోలో వదిలేస్తే చాలా బోర్డులు దాన్ని స్టిక్ వోల్టేజ్ వెంటే నడిపిస్తాయి. స్టిక్‌కి 1.45 ఇస్తే అది కూడా అటే పోతుంది. కిట్ మీద రాసిన వోల్టేజ్ దాటాలనుకునేవాళ్లు ఈ లైన్‌ని కూడా విడిగా చూసుకోవాలి. చవక కిట్లలో పవర్ చిప్ లాక్ చేసి ఉంటుంది, 1.435 దాటనివ్వదు, నిజానికి అది లోపం కాదు, మంచిదే.

వోల్టేజ్ కాకుండా అస్సలు ముట్టుకోకూడనిది ఇంకోటుంది, బేస్ క్లాక్, అంటే మిగతా క్లాకులకి ఆధారంగా ఉండే క్లాక్. 100 మెగాహెర్ట్జ్‌ని 103 చేస్తే ర్యామ్ కూడా కాస్త పెరుగుతుంది కదా అని కొందరు చేస్తారు, కానీ చాలా బోర్డుల్లో దాని వెంట పీసీఐ ఎక్స్‌ప్రెస్ కూడా పెరుగుతుంది, అంటే ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు అన్నీ లైన్ తప్పుతాయి. ర్యామ్‌కి విడిగా మల్టిప్లయర్ ఉండగా ఈ తలనొప్పి ఎందుకు.

ఇక ఎంత స్పీడ్ కావాలి అన్నది. ఇక్కడ లెక్క వేసుకోకపోతే ఊరికే ప్రాసెసర్‌ని కష్టపెట్టడమే అవుతుంది. 6000 అని రాసేది ఒక సెకన్‌లో జరిగే ట్రాన్స్‌ఫర్లని, అదీ మిలియన్లలో, అసలు క్లాక్ 3000 మెగాహెర్ట్జ్. సీఎల్ 30 అంటే 30 క్లాకులు ఆగాలి, 30ని 3 గిగాహెర్ట్జ్‌తో భాగిస్తే 10 నానోసెకన్లు. అదే 4800 సీఎల్ 40 అయితే 40 బై 2.4, సుమారు 16.7 నానోసెకన్లు, చాలా తేడా. 8000 సీఎల్ 40 అయితే 40 బై 4, మళ్లీ అదే 10. నంబర్ రెండు వేలు పెరిగింది, ఆగే టైమ్ ఒక్క నానోసెకన్ కూడా తగ్గలేదు. పైగా ఏఎం5లో 6000, 6400 దాకా కంట్రోలర్ ర్యామ్‌తో సమానంగా నడుస్తుంది, 8000కి వెళ్తే సగం స్పీడ్‌కి దిగుతుంది, ఇంటెల్‌లో గేర్ 2 అంటే కూడా ఇదే కథ, 11వ తరం నుంచి వచ్చింది.

ఏఎండీలో ఇంకో సీలింగ్ కూడా ఉంది, దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. 6000 ర్యామ్ రెండు స్టిక్కులతో పేపర్ మీద సెకన్‌కి 96 గిగాబైట్లు ఇస్తుంది. కానీ ఒకే కోర్ చిప్లెట్ (కోర్లుండే చిన్న చిప్ ముక్క) ఉన్న 7600, 7700, 7800ఎక్స్3డీ లాంటి వాటిలో ఆ డేటా ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే దారి గుండా రావాలి, ఆ దారి ఒక క్లాక్‌కి 32 బైట్లు చదవనిస్తుంది, ఫ్యాబ్రిక్ 2000 మెగాహెర్ట్జ్‌లో ఉంటే 64 గిగాబైట్లు. ట్యాంకుకి ఎంత పెద్ద పైపు తగిలించినా కుళాయి సైజే కదా లెక్క. అలాంటి చిప్ మీద ఎస్ఓసీ వోల్టేజ్ పెంచి మరీ పెద్ద ఫ్రీక్వెన్సీ వెనక పడడం కంటే 6000లోనే ఉండి టైమింగ్స్ బిగించుకోవడం ఎంతో నయం, టైమింగ్స్‌కి ప్రాసెసర్ వైపు అదనంగా వోల్టేజ్ పెద్దగా అక్కర్లేదు కూడా. ఎక్స్3డీ చిప్స్‌లో పెద్ద క్యాష్ ఉండటం వల్ల ర్యామ్ స్పీడ్‌తో వచ్చే లాభం ఇంకా తక్కువ, కాలిపోయినవి ఎక్కువ అవే కావడం ఒక విడ్డూరం.

టైమింగ్స్‌లో మొదటి నాలుగు నంబర్లు అందరికీ తెలుసు గానీ నిజంగా స్పీడ్ ఇచ్చేవి టీఆర్ఎఫ్‌సీ (ఒక రిఫ్రెష్‌కి పట్టే టైమ్), టీఆర్ఈఎఫ్ఐ (రెండు రిఫ్రెష్‌ల మధ్య టైమ్). ర్యామ్ సెల్ అంటే చిన్న కెపాసిటర్, చార్జ్ కారిపోతూనే ఉంటుంది, అందుకని మాటిమాటికీ మళ్లీ నింపాలి. డీడీఆర్4లో 64 మిల్లీసెకన్లలో అన్ని వరసలూ నింపడానికి 8192 సార్లు రిఫ్రెష్ చేయాలి, అంటే 7.8 మైక్రోసెకన్లకి ఒకసారి, డీడీఆర్5లో 3.9కి ఒకసారి. రిఫ్రెష్ జరుగుతున్నంతసేపూ ర్యామ్ పని చేయదు. టీఆర్ఈఎఫ్ఐ పెంచితే ఆ బ్రేకులు తగ్గుతాయి, స్పీడ్ వస్తుంది, వోల్టేజ్ పెరగదు, ప్రాసెసర్‌కి ఏ నష్టమూ లేదు. మరి ఇబ్బంది ఏంటంటే వేడి, వేడెక్కిన సెల్ తొందరగా కారుతుంది.

ఇక్కడే చాలామంది తప్పుడు చోట వెతుకుతారు. టెస్ట్‌మెమ్5 అనే ర్యామ్ టెస్ట్ మూడు గంటలు పెడతారు, ఒక్క ఎర్రర్ రాదు, హమ్మయ్య అనుకుని గేమ్ పెడతారు, నలభై నిమిషాలకి గేమ్ మూసుకుపోతుంది. వెంటనే బయోస్‌లోకి వెళ్లి ఎస్ఓసీ వోల్టేజ్ పెంచుతారు. అసలు జరిగింది వేరు, టెస్ట్ నడిచినప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంది, ర్యామ్ 45 డిగ్రీల్లో ఉంది, గేమ్‌లో కార్డు నుంచి వచ్చే వేడి గాలంతా నేరుగా స్టిక్కుల మీదకి పోయి అవి 58కి వెళ్లాయి, బాగా పెంచిన టీఆర్ఈఎఫ్ఐ ఆ వేడిలో నిలబడలేదు. డీడీఆర్5 స్టిక్కుల్లో టెంపరేచర్ సెన్సార్ ఉంటుంది, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కనపడుతుంది, గేమ్ ఆడుతూ ఒకసారి దాన్ని చూస్తే చాలు సంగతి బయటపడుతుంది. దీనికి మందు ఒక చిన్న ఫ్యాన్ లేదా టీఆర్ఈఎఫ్ఐ కాస్త తగ్గించడం, ప్రాసెసర్ వోల్టేజ్‌కి దీంతో ఏ సంబంధం లేదు. ఇలా కారణం తెలియకుండా ప్రతి ఎర్రర్‌కీ వోల్టేజ్ పెంచే అలవాటే చిప్‌లని చంపుతుంది.

ఎర్రర్ ఎటువైపు నుంచి వస్తుందో కొంతవరకు పట్టుకోవచ్చు. టెస్ట్ పెట్టిన మొదటి నిమిషంలోనే వరసగా ఎర్రర్లు వస్తే టైమింగ్ ఏదో మరీ బిగుసుకుపోయినట్టు, లేదా స్టిక్ వోల్టేజ్ చాలనట్టు. గంట తర్వాత ఒకటో రెండో వస్తే వేడి మీద అనుమానపడాలి. ర్యామ్ టెస్టులన్నీ పాసై వై క్రంచర్‌లో గానీ ప్రైమ్95 లార్జ్ ఎఫ్ఎఫ్‌టీలో గానీ పడిపోతే అప్పుడు మెమరీ కంట్రోలర్ వైపు చూడాలి, ఎందుకంటే అవి కోర్లని, కంట్రోలర్‌ని, ర్యామ్‌ని కలిపి తోముతాయి. రైజెన్‌లో ఫ్యాబ్రిక్ క్లాక్ ఎక్కువైతే ఒక్కోసారి క్రాష్ కూడా అవ్వదు, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ 19 అని వార్నింగులు పేరుకుంటాయి, తప్పుగా వచ్చిన డేటాని మళ్లీ మళ్లీ పంపుకుంటూ మెషిన్ స్లో అవుతుంది, క్లాక్ పెంచాక బెంచ్‌మార్క్ స్కోర్ తగ్గితే కారణం చాలాసార్లు ఇదే. డీడీఆర్5 చిప్ లోపలి ఈసీసీ ఉంది కదా అని ధీమా వద్దు, అది చిప్ లోపల జరిగిన తప్పునే దిద్దుతుంది, తీగల మీద ప్రాసెసర్‌కి వచ్చేలోపు చెడిన డేటాని అది చూడనే చూడదు.

అన్నట్టు, ప్రతి క్రాష్‌కీ ర్యామే దోషి కాదు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల చిప్స్ కొన్ని గేముల్లో వీడియో మెమరీ చాలట్లేదు అనే ఎర్రర్‌తో పడిపోతుంటే చాలామంది ఎక్స్‌ఎంపీ తీసేసి చూశారు, ర్యామ్ మార్చారు. చివరికి తేలింది ప్రాసెసర్ కోర్‌లకి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) అడిగే వోల్టేజ్ ఎక్కువైపోయి చిప్ అరిగిపోతోందని, ఇంటెల్ ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ ఇచ్చింది. కాబట్టి ఆ చిప్స్ ఉన్నవాళ్లు ర్యామ్ జోలికి వెళ్లేముందు బయోస్ కొత్తదో కాదో చూసుకోవడం ఉత్తమం, అరిగిన చిప్ మీద ఏ ఓవర్‌క్లాకూ స్టేబుల్‌గా ఉండదు.

ప్రాసెసర్ కాలడం నిజానికి అరుదు, ఎక్కువమందికి జరిగే నష్టం ఫైళ్లు చెడిపోవడం. ర్యామ్‌లో ఒక బిట్ తిరగబడి అది డిస్క్‌లోకి రాసేస్తే ఏ మెసేజూ రాదు, రెండు నెలల తర్వాత ఒక ఫోటో సగం బూడిద రంగులో తెరుచుకుంటుంది. అందుకే కొత్త సెట్టింగ్ పెట్టిన ప్రతిసారీ విండోస్‌లోకి వెళ్లకుండా ముందు పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 ఒక రౌండ్ తిప్పితే డిస్క్‌కి ఏం కాదు, అది పాసయ్యాకే లోపల గట్టి టెస్టులు. ముఖ్యమైనవి బ్యాకప్ తీసుకోకుండా ఈ పని మొదలుపెట్టడం మాత్రం వద్దు, చేతులు కాలాక ఆకులు దొరకవు.

సెట్టింగ్ కుదరక స్క్రీన్ నల్లగా ఉండిపోతే కంగారు పడక్కర్లేదు, అది చావు కాదు, ట్రైనింగ్, అంటే బూట్‌లో బోర్డు ర్యామ్‌తో సిగ్నల్ కుదుర్చుకోవడం, ఫెయిల్ అవడం. డీడీఆర్5 బోర్డులు కొత్త సెట్టింగ్‌తో మొదటిసారి లేచేటప్పుడు కొన్ని నిమిషాలు కూడా తీసుకుంటాయి, ఈలోపు పోయిందనుకుని పవర్ తీసేసేవాళ్లే ఎక్కువ. పావుగంట ఆగినా రాకపోతే అప్పుడు ప్లగ్ తీసి క్లియర్ సీమాస్ జంపర్ కలపాలి, లేదంటే ఆ గుండ్రటి బ్యాటరీ తీసి కాసేపాగి పెట్టాలి, బోర్డు మళ్లీ ఫ్యాక్టరీ సెట్టింగ్‌కి వచ్చేస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే స్టిక్కులుంటే ప్రాసెసర్ నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవచ్చు, చాలాసార్లు అసలు తప్పు అక్కడే ఉంటుంది.

అంతా కుదిరాక వోల్టేజ్‌లు, టైమింగ్స్ ఉన్న ప్రతి బయోస్ పేజీని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోవాలి. బయోస్‌లో ప్రొఫైల్ సేవ్ చేశాం కదా అనుకుంటారు, కానీ బయోస్ అప్‌డేట్ చేస్తే సెట్టింగులన్నీ పోతాయి, పాత ప్రొఫైల్ కొత్త వెర్షన్‌లో లోడ్ కాకపోవడం కూడా మామూలే, అప్పుడు విసుగొచ్చి ఒక్క ఎక్స్‌పో ఆన్ చేసి ఊరుకుంటారు, ఎస్ఓసీ వోల్టేజ్ మళ్లీ ఆటోలోకి వెళ్లి కూర్చుంటుంది.